ఒకటి తక్కువ

రాత్రి 1 గంట 50 నిమిషాలు. ఏరియా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో గోడ పక్కన మీరు నిలబడి ఉన్నారు. మీ చెప్పులు బయటే విప్పించి థియేటర్ చెప్పులు ఇచ్చారు. టోపీ చెవుల మీదికి దిగింది. మాస్కులో మీ ఊపిరి మీకే వేడిగా తగులుతోంది. లోపలికి రానిచ్చేటప్పుడు పెద్ద సిస్టర్ చెప్పిన మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. "ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉన్నదేదీ ముట్టుకోవద్దండి. చేతులు కట్టుకుని ఆ బోర్డు పక్కన నిలబడండి. కింద ఏదన్నా పడితే తీయొద్దు, మాకు చెప్పండి. చాలు."

బోర్డు అంటే మామూలు తెల్ల బోర్డే. దాని ముందు మార్కర్ పట్టుకుని చిన్న సిస్టర్ నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు. బోర్డు మీద మూడు మాటలు వరసగా రాసింది: మాప్స్, గాజ్, నీడిల్స్. వాటి పక్కన ఇంకా ఏమీ లేదు.

బల్ల మీద పడుకున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. తొలి కాన్పు. 108లో వచ్చి గంటైంది. లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం మందగిస్తోందని లేబర్ రూమ్ నుంచి పరుగున తీసుకొచ్చారు. నడుముకు మత్తు సూది ఇచ్చారు కాబట్టి నడుము కింద ఏమీ తెలియదు, కానీ మెలకువగానే ఉంది. కళ్లు లైటు వంక చూస్తున్నాయి. తల దగ్గర స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టర్ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి ఏదో మెల్లగా మాట్లాడుతున్నారు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ తలుపు అద్దంలోంచి తొందరపెడుతోంది. "సిస్టర్, రెడీయా?"

"లెక్క అవుతోంది మేడమ్."

అవుతోంది నిజమే. గౌను, గ్లౌజులు వేసుకున్న పెద్ద సిస్టర్ ట్రాలీ మీద మాప్‌ల కట్ట విప్పింది. మాప్ అంటే తెలుసు కదా, కొన్ని పొరల గాజుగుడ్డను చదరంగా కుట్టినది. కడుపులో రక్తం అద్దడానికి, పేగుల్ని పక్కకు జరిపి ఉంచడానికి వాడతారు. ఒక మూలన చిన్న నాడా, లోపల సన్నని నీలిరంగు దారం. ఆ దారంలో బేరియం సల్ఫేట్ ఉంటుంది. గుడ్డ ఎక్స్‌రేలో కనిపించదు, ఆ దారం కనిపిస్తుంది. ఇలాంటి మాప్‌లు అన్ని చోట్లా దొరకవు. థాను గాజుగుడ్డ తెచ్చుకుని, కత్తిరించి, మడిచి కుట్టి, డ్రమ్ముల్లో పెట్టి ఆటోక్లేవ్ చేసుకునే ఆసుపత్రులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ గుడ్డ లోపల ఉండిపోతే ఎక్స్‌రే కూడా పట్టలేదు. అక్కడ లెక్క ఒక్కటే దిక్కు.

పెద్ద సిస్టర్ కట్టను కట్టగా లెక్కపెట్టదు. ఒక్కో మాప్ విడదీసి, విప్పి, నాడా పట్టుకుని చూపిస్తుంది. చిన్న సిస్టర్ కళ్లు దాని మీదే ఉండాలి. ఇద్దరూ ఒకే వస్తువును ఒకేసారి చూడాలి, ఇద్దరూ పైకి అనాలి.

"ఒకటి." "ఒకటి."

"రెండు." "రెండు."

వన్, టూ అని లెక్కపెట్టే థియేటర్లే ఎక్కువ. ఈమె మాత్రం తెలుగులోనే పెడుతుంది. కంగారులో నోట్లోంచి ముందు వచ్చేది తెలుగే అంటుంది. వింటుంటే మీకు కళ్లంలో ధాన్యం కొలిచే రోజులు గుర్తొస్తాయి. అక్కడ తొలి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనకుండా ఆరున్నొకటి అంటారు, ఏడుపు మాట ధాన్యం దగ్గర ఎందుకని. అక్కడా ఒకరు కొలిస్తే ఇంకొకరు గుర్తు పెట్టుకునేవారు. కొలిచేవాడి లెక్క మీద, పక్కవాడి లెక్క మీద, రెండింటి మీదా నమ్మకం ఉంటేనే బస్తా కుట్టేవారు. ఈ గదిలో ఏడును ఏడనే అంటారు. అది తప్పిస్తే మిగతా పద్ధతి అంతా అదే.

ఆరు దగ్గర ఉండగా ఫోన్ మోగింది. చిన్న సిస్టర్ తల తిప్పింది. పెద్ద సిస్టర్ చెయ్యి ఆగిపోయింది.

"మళ్లీ మొదటి నుంచి."

ఆరు దాకా వచ్చాక మళ్లీ ఒకటి. లెక్క మధ్యలో తెగితే మొత్తం తిరిగి పెట్టాల్సిందే. మీకు చిరాకు వస్తుంది. అక్కడ బిడ్డ గుండె మందగిస్తుంటే ఇక్కడ గుడ్డలు లెక్కపెట్టడమేమిటని. కానీ చూడండి, అసిస్టెంట్ డాక్టర్ పొట్ట మీద బెటాడిన్ పూస్తూనే ఉన్నాడు, డాక్టరమ్మ ఇంకా గౌను వేసుకుంటోంది. ఎవరి సమయమూ పోవడం లేదు. కట్టకు ఐదు, రెండు కట్టలు, పది. గాజ్ ముక్కలు పది. కట్టలో నాలుగో ఆరో వస్తే సర్దుకోరు. ఆ కట్టనే పక్కన పడేస్తారు, వాడరు. పరికరాలకు సెట్ కట్టినప్పుడే రాసిపెట్టిన చీటీ ఉంటుంది. దాంతో పోల్చి ఆర్టరీ ఫోర్సెప్స్ ఎన్ని, అలిస్ ఎన్ని, గ్రీన్ ఆర్మిటేజ్ ఎన్ని అని చదువుకుంటూ పోయారు. బోర్డు మీద మాప్స్ పక్కన 10 పడింది.

2 గంటల 4 నిమిషాలకు కత్తి పెట్టారు. 2 గంటల 9 నిమిషాలకు బిడ్డ బయటికొచ్చింది. ఒక క్షణం గదిలో చప్పుడే లేదు. తర్వాత ఏడ్చింది. బల్ల మీద ఉన్న తల్లీ ఏడ్చింది. మత్తు డాక్టర్ ఆమె చెంపలు తుడిచి, "ఆడపిల్లమ్మా, బాగుంది" అన్నారు.

మాయ వచ్చింది. డాక్టరమ్మ దాన్ని ఎత్తి, తిప్పి, పూర్తిగా వచ్చిందని చూసుకుని స్టీలు బేసిన్‌లో వేసింది. అంతా సవ్యంగా సాగితే ఇంకో ముప్పావుగంటలో అందరూ టీ తాగేవారు.

గర్భసంచి గట్టిపడలేదు.

కాన్పయిన వెంటనే గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి. అప్పుడే లోపలి రక్తనాళాలు మూసుకుంటాయి. బిగుసుకోకపోతే కొళాయి తిప్పినట్టే ఉంటుంది. గది తీరు మారిపోయింది చూడండి. మాటలు పొట్టివైపోయాయి. "ఆక్సిటోసిన్." "ఇచ్చాను." "ప్రోస్టోడిన్ తీయండి." "సక్షన్." "మాప్." "మాప్." "ఇంకోటి." డాక్టరమ్మ రెండు చేతులతో గర్భసంచిని నొక్కి పట్టుకుంది. అసిస్టెంట్ మాప్ అద్దుతాడు, అది రెండు సెకన్లలో ఎర్రబడుతుంది, బల్ల పక్కనున్న చక్రాల బకెట్‌లోకి విసురుతాడు, చెయ్యి చాపుతాడు. చేతిలో ఇంకోటి పడుతుంది.

"సిస్టర్, మాప్స్ అయిపోతున్నాయి."

చిన్న సిస్టర్ పరుగున కొత్త కట్ట తెచ్చింది. ఇక్కడే చాలా మంది చేతులు జారతాయి. కట్ట విప్పి గుప్పెడు మాప్‌లు ట్రాలీ మీద పడేస్తే ఎవరు కాదంటారు? పెద్ద సిస్టర్ అలా పడనివ్వలేదు. ఒక చేత్తో డాక్టరమ్మకు సూది అందిస్తూనే రెండో చేత్తో ఐదూ విడదీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బోర్డు మీద 10 పక్కన +5. నాలుగు నిమిషాల తర్వాత ఇంకో +5.

ఆ రెండు అంకెలు పడిన చోటును కాసేపు చూడండి. ప్రమాదం పుట్టే చోటు అదే. అమెరికాలో అతుల్ గవాండే అనే సర్జన్, ఆయన తోటివారు, ఒంట్లో గుడ్డో పరికరమో ఉండిపోయిన 54 మంది కేసులు తీసి పరిశీలించి 2003లో ప్రచురించారు. ఉండిపోయిన వాటిలో మూడింట రెండు వంతులకు పైగా ఇలాంటి గుడ్డలే. అత్యవసర ఆపరేషన్లలో ఈ ప్రమాదం 9 రెట్లు. ఆపరేషన్ మధ్యలో అనుకోని మలుపు తిరిగితే 4 రెట్లు. ఈ రాత్రి ఈ గదిలో రెండూ ఉన్నాయి. అదే పరిశీలనలో తేలిన మరో సంగతి నన్ను ఎక్కువ భయపెట్టింది. లెక్క పెట్టిన కేసుల్లో 88 శాతంలో ఆఖరి లెక్క సరిపోయిందనే అనుకున్నారు. అంటే గుడ్డ లోపలుంది, కాగితం మీద లెక్క కుదిరింది. కట్ట విప్పినప్పుడు చూడకుండా ఐదు అని రాసుకుంటే, బకెట్‌లో ఒకదానికొకటి అంటుకున్నవాటిని అంచనాగా లెక్కిస్తే, "సరిపోయింది" అనే మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తే, ఇలాగే జరుగుతుంది. అందుకే పెద్ద సిస్టర్ ఒక్కో నాడా పట్టుకుని చూపిస్తుంది.

బీ-లించ్ కుట్టు వేశారు. గర్భసంచి చుట్టూ భుజాల మీదుగా బెల్టులు బిగించినట్టు ఉండే కుట్టు అది. 2 గంటల 46 నిమిషాలకు డాక్టరమ్మ చేతులు తీసి చూసింది. అందరూ చూశారు. రక్తం ఆగింది. మత్తు డాక్టర్ మానిటర్ వంక చూసి, "బీపీ తొంభై బై అరవై, పర్వాలేదు" అన్నారు. అసిస్టెంట్ భుజాలు దిగాయి. మీ భుజాలు కూడా దిగి ఉంటాయి.

"పెరిటోనియం మూసేద్దాం. వైక్రిల్ ఇవ్వండి సిస్టర్."

"లెక్క చూస్తాం మేడమ్."

చిన్న సిస్టర్ నేల మీద రెక్సిన్ షీటు పరిచి, గ్లౌజులు తొడుక్కుని, బకెట్‌లోని మాప్‌లు ఒక్కొక్కటే తీసి విప్పి పరుస్తోంది. వరసకు ఐదు. దగ్గరికి వంగి చూస్తే తెలుస్తుంది, రక్తం పీల్చి ముద్దయిన మాప్ గుడ్డలా ఉండదు. కాలేయం ముక్కలా ఉంటుంది. కడుపులో పేగుల మధ్య ఇదెలా కనపడకుండా పోతుందని మీకున్న సందేహం అక్కడే తీరిపోతుంది. రంగు అదే, మెత్తదనం అదే. నాడా పట్టుకుని లాగితే గానీ రెండు మాప్‌లో ఒకటో చెప్పలేం.

మూడు వరసలు. పదిహేను. ట్రాలీ మీద మూడు. డాక్టరమ్మ చేతిలో ఒకటి.

"పంతొమ్మిది" అంది చిన్న సిస్టర్. బోర్డు వంక చూసింది. పది, ఐదు, ఐదు.

మళ్లీ పెట్టారు. పంతొమ్మిది.

పెద్ద సిస్టర్ డాక్టరమ్మ కళ్లలోకి చూసింది. "మేడమ్, మాప్ ఒకటి తక్కువ."

ఈ గదిలో ఎవరి స్థాయి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. డాక్టరమ్మ అడిగితే అందరూ అందిస్తారు, ఆమె ఊ అంటే పని కదులుతుంది. ఆ గంటలో ఆమె ఒక ప్రాణం నిలబెట్టింది, ఒళ్లంతా అలసట. సూది పట్టిన చెయ్యి గాల్లోనే ఉంది. ఒక్క మాట చాలు, "ఏం లేదులే, నేను చూశాను, కానివ్వండి" అంటే. అలా అన్నచోట ఎందరు సిస్టర్లు తలవంచి ఊరుకున్నారో లెక్క రాసినవాళ్లు లేరు. ఊరుకోకుండా ఉండగలగడమే అసలు లెక్క అని నేను నమ్ముతాను. పది వేళ్లున్న ఎవరైనా ఇరవై దాకా లెక్కపెట్టగలరు. "తక్కువుంది, మూయొద్దు" అని పెద్దవాళ్లతో అనగలగాలి.

డాక్టరమ్మ సూదిని ట్రేలో పెట్టేసింది. "సరే. వెతుకుదాం."

రెండు చేతులూ కడుపులోకి పోయాయి. తడుముకోవడంలో వరస ఉంది. గర్భసంచి వెనక, మూత్రాశయం ముందు, ఎడమ పక్క పేగు వారన పైదాకా, కుడి పక్క వారన కాలేయం అడుగు దాకా. కింద చిన్న సిస్టర్ మోకాళ్ల మీద పాకుతూ బల్ల కింద, ఆకుపచ్చ గుడ్డల మడతల్లో, సక్షన్ సీసా వెనక చూస్తోంది. మీరు మీ చెప్పుల అడుగులు ఎత్తి చూసుకున్నారు. మంచి పని చేశారు, అక్కడ కూడా అంటుకుంటాయి.

"ఏం తక్కువైందమ్మా?"

ఆ గొంతు బల్ల మీది నుంచి. తల్లి మెలకువగా ఉందన్న సంగతి గదిలో సగం మంది మరిచిపోయారు. మత్తు డాక్టర్ వంగి, "నీకేం తక్కువ కాలేదమ్మా. మా సామాను లెక్క చూసుకుంటున్నాం. చూసుకున్నాకే కుట్లు వేస్తాం" అన్నారు. ఆమె కాసేపు ఆలోచించి, "చూసుకోండి సార్" అంది.

చూసుకోకపోతే ఏమవుతుందో వినండి. 1963 జూలైలో ఔరంగాబాద్‌లో ఒక బాలింతకు కాన్పయిన మూడో నాడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. లోపల తువ్వాలు లాంటి మాప్ ఉండిపోయింది. మళ్లీ కోసి తీశారు గానీ ఆమె ఆ నెల దాటలేదు. ఆమె భర్త, పిల్లలు వేసిన దావా చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. లోపల గుడ్డ ఉండిపోవడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని చెప్పి, కింది కోర్టు ఇచ్చిన 36 వేల రూపాయల పరిహారాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. అది 1996. 33 ఏళ్లు పట్టింది. హైదరాబాద్‌లో 2019 ఫిబ్రవరిలో ఒక మహిళ కడుపునొప్పి తగ్గక ఎక్స్‌రే తీయించుకుంటే, మూడు నెలల కిందటి ఆపరేషన్‌లో వాడిన ఫోర్సెప్స్ లోపల కనిపించింది. గుడ్డ అయితే నెలలూ ఏళ్లూ దాగొచ్చు. ఒళ్లు దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది, స్కానింగ్‌లో గడ్డలా కనిపిస్తుంది. డాక్టర్లు దానికి పెట్టుకున్న పేరు గాసిపిబోమా. లాటిన్‌లో పత్తి, స్వాహిలీలో దాగుచోటు, రెండు మాటలు కలిపిన పేరు అంటారు.

"లోపల లేదు" అంది డాక్టరమ్మ. "ఇంకోసారి చూస్తాను. ఎక్స్‌రే అబ్బాయిని పిలవండి."

చిన్న సిస్టర్ ఫోన్ అందుకుంది. రక్తం ఆగకుండా, బీపీ పడిపోతూ ఉంటే ఇలా ఆగేవారు కారు. ముందు ప్రాణం చూసుకుని, లెక్క తేలలేదని కేసు షీటులో రాసి, తర్వాత ఎక్స్‌రే తీసేవారు. ఇప్పుడు ఆగే వీలుంది. ఆగారు. గోడ గడియారం 2 గంటల 58 నిమిషాలు చూపిస్తోంది. లైటు కింద డాక్టరమ్మ నుదుటి మీద చెమట మెరుస్తోంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ గొంతు సవరించుకుంది. ఇంతసేపూ ఆమె ఉన్నట్టే మీరు గమనించి ఉండరు.

"సిస్టరమ్మా, మాయ బేసిన్ చూశారా? ఇందాక హడావుడిలో అడ్డంగా ఉందని కడిగే గదిలో పెట్టాను."

లెక్క తేలేదాకా గది దాటి ఏదీ పోకూడదు, చెత్త సంచీ అయినా, మాసిన గుడ్డలైనా. ఆ నియమం ఎందుకో ఇప్పుడు తెలిసింది. బేసిన్ తెచ్చారు. పెద్ద సిస్టర్ "పైకెత్తమ్మా" అంది. చిన్న సిస్టర్ మాయను రెండు చేతులా ఎత్తింది. అడుగున నల్లటి గడ్డల మధ్య నుంచి ఒక నాడా వేలాడింది. లాగింది. నీలి దారం.

"ఇరవై."

"ఇరవై" అంది పెద్ద సిస్టర్. అని ఊరుకోలేదు. మొదటి వరస నుంచి ఇరవై దాకా మళ్లీ పెట్టించింది.

3 గంటల 4 నిమిషాలు. ఒక గుడ్డ కోసం 13 నిమిషాలు. కడుపు మొదటి నుంచీ శుభ్రంగానే ఉంది కదా, ఆ 13 నిమిషాలు వృథా కాలేదా అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అనిపించేది. ఆ గుడ్డ బేసిన్‌లో ఉందని తెలిసింది 3 గంటల 4 నిమిషాలకు. ఒకటి తక్కువని తేలిన 2 గంటల 51 నిమిషాలకు అది ఎక్కడున్నా ఉండవచ్చు. డాక్టరమ్మ కూడా అదే అనుకుని ఉండాలి. కుట్టు వేయడానికి సూది అందుకుంటూ ఆయమ్మ వైపు తిరిగి, "మంచి మాట గుర్తు చేశావమ్మా" అంది. చిన్న సిస్టర్‌తో ఏమీ అనలేదు గానీ, చర్మం కుట్లు వేసే ముందు తనే అడిగింది, "లెక్క చెప్పమ్మా" అని.

మాప్స్ ఇరవై. గాజ్ పది. సూదులు విప్పినవి ఏడు, కిడ్నీ ట్రేలో ఏడు. పరికరాలు చీటీ ప్రకారం.

థియేటర్ గోడకు అంటించిన కాగితం ఒకటుంది, వెళ్లేటప్పుడు చూడండి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల జాబితా. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కత్తి పెట్టే ముందు కొన్ని, రోగి గది దాటే ముందు కొన్ని. ఎనిమిది నగరాల్లో పరీక్షించి చూశారు, అందులో మన న్యూఢిల్లీ ఒకటి. ఈ జాబితా పాటించాక ఆపరేషన్ల తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పరికరాలు, గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందని నర్సు నోటితో, అందరికీ వినపడేలా చెప్పాలన్నది అందులో ఒక అంశం. చిన్న సిస్టర్ చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు. రిజిస్టర్‌లో రెండు సంతకాలు పడ్డాయి.

తల్లిని స్ట్రెచర్ మీదికి మార్చారు. బిడ్డను పక్కన పడుకోబెట్టారు.

రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమై, సంతకం చేయమని కాగితాలు మీ చేతిలో పెడితే, ఖర్చుతో పాటు ఇంకొకటి అడగండి. "మూసే ముందు లెక్క ఎవరు చూస్తారండీ?" అని. అడగడానికి మొహమాటపడకండి. జాగ్రత్తగా చూసేవాళ్లు ఆ ప్రశ్నకు కోపగించుకోరు, వాళ్ల పేరు చెబుతారు.